ఉద్దానంలో యోబు స్నేహితులు

అందరికీ వందనాలండీ. శోధన మీద, అంటే కష్టాల్లో మన విశ్వాసానికి వచ్చే పరీక్ష మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఈరోజు మన శ్రీకాకుళం ఉద్దానం సంగతే మాట్లాడుకుందాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పులాళ్లు అన్నాళ్లు ఆగరు కదా!

అంజూరపు చెట్లు పూయకపోయినా, చేను పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానంటాడు హబక్కూకు ప్రవక్త. ఈ మాట మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఆయన గ్రంథం మూడో అధ్యాయంలోని ఆ వచనాలే క్యాలెండర్ల మీద వేసుకుంటాం. మొదటి అధ్యాయంలో ఆయన దేవుణ్ణి నిలదీస్తాడండీ, ఎన్నాళ్లు మొరపెట్టినా ఆలకించవేమిటని! అలా నిలదీసిన నోటితోనే ఆ తర్వాత ఆనందిస్తానన్నాడు.

ఇక మన ఉద్దానంలో ఎంతోమందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఎండాకాలంలో కూడా నీళ్లు కొలుచుకుని తాగాలి. అలాంటి మనిషి మంచం పక్కన కూర్చుని "ఏదైనా పాపం ఉందేమో, ఒప్పుకోమ్మా" అంటారు కొందరు. నాకైతే ఒళ్లు మండుతుంది. ఉద్దానంలో ఈ జబ్బుకి కారణం ఫలానా అని డాక్టర్లే ఇంకా తేల్చలేదు, మనం ఒక్క ప్రార్థన కూటంలో తేల్చేస్తామా?

బైబిల్లో యోబు నీతిమంతుడే అయినా పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా ఆయనతోపాటు నేలమీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచి, నీ పాపం వల్లే ఇదంతా అన్నాకే వచ్చింది తంటా. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. అంతసేపూ వాదించిన యోబే నా గురించి సరిగ్గా మాట్లాడాడన్నాడు.

ప్రార్థన రావట్లేదని టెన్షన్ పడుతున్న అక్కా, అన్నా! ఏడుపొస్తే ఏడుస్తూనే చెప్పుకోండి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఈ శ్రమల గిన్నె తొలగించమని తండ్రిని మళ్లీ మళ్లీ అడిగాడు. గిన్నె తొలగలేదు, సిలువ తప్పలేదు. కానీ మూడో రోజున లేచాడు. మన నిరీక్షణంతా అక్కడే ఉంది. స్వస్థత కోసం ప్రార్థించండి, డయాలసిస్ మాత్రం మానొద్దు. విశ్వాసముంటే మానెయ్యమని ఏ సేవకుడు చెప్పినా వినొద్దు.

సంఘం వాళ్లకి ఒక్క మాట. జబ్బుపడిన వాళ్ల డయాలసిస్ ఏయే రోజుల్లోనో కనుక్కోండి. ఆసుపత్రికి ఎవరో ఒకరు తోడు వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే బయట బెంచీ మీదైనా కూర్చోండి. వాక్యం వాళ్లు అడిగితే చదవండి.