ఖాళీ గడిలో ఏముంది?

సభలోని పెద్దలకు నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల బళ్ళ నుంచి, ఈ చలిలో పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన పిల్లలకు ఆశీస్సులు.

మీ క్లాసు గోడకు ఆవర్తన పట్టిక వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పమంటే ఎవరికైనా విసుగే. బళ్ళో కెమిస్ట్రీ చెప్పిన తొలి ఏళ్ళలో నేనూ అలాగే అప్పజెప్పించుకున్నాను. అది పొరపాటు. మూలకం ఏ గడిలో కూర్చుందో చూసి దాని గుణం చెప్పగలగడమే ఆ పట్టికతో మనకున్న పని.

ఇదిగో, బల్ల మీద రాగి చెంబు, వెండి కుంకుమ భరిణె, బంగారు ఉంగరం ఉన్నాయి. పట్టికలో ఈ మూడూ 11వ గ్రూపులో, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పరమాణు సంఖ్యలు, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క, 29, 47, 79. మూడూ సుత్తి దెబ్బకు రేకులా సాగుతాయి, మూడింటిలోనూ కరెంటు బాగా పారుతుంది. మూడింటికీ చిట్టచివరి కక్ష్యలో ఉన్నది ఒక్క ఎలక్ట్రానే. పరమాణువు లోపల ఎంత సరుకున్నా, బయటివాళ్ళతో మాట్లాడేది గడపలో నిలబడ్డ ఆ ఎలక్ట్రానే.

అయినా అన్నదమ్ములందరూ ఒక్కలా ఉండరు కదా. చెంబుకు చిలుము పడుతుంది, చింతపండు పెట్టి తోమాలి. వెండి గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడుతుంది. బంగారానికి ఆ రెండు బాధలూ లేవు. దాని కేంద్రకంలో 79 ప్రోటాన్లున్నాయి. ఆ లాగుడుకు, దగ్గరగా ఉన్న ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి మించి పరుగెత్తుతాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్షత లెక్కకొస్తుంది, అంటే వేగం వల్ల ఎలక్ట్రాను బరువెక్కినట్టై కేంద్రకానికి దగ్గరగా జరుగుతుంది. దానివల్ల చివరి ఎలక్ట్రాను కూడా లోపలికి జరిగి, ఇతరుల చేతికి తేలిగ్గా చిక్కదు. బంగారం నీలి కాంతిని మింగి పసుపు వన్నెతో మెరవడానికీ మూలం అక్కడే. ఈ సంగతి మొదటిసారి చదివిన వారం అలిపిరి మెట్లెక్కి వెళ్ళి, ఆనంద నిలయం గోపురాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు ఎన్నిసార్లు చూశానో, అలా మాత్రం చూడలేదు.

ఎలక్ట్రాను అన్న మాటే తెలియని 1869లో, రష్యాలో మెండలీవ్ అనే రసాయన శాస్త్రవేత్త అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారాల వరుసలో పేర్చాడు. మన గోడ మీది పట్టికకు మొదలు అదే. గుణాలు కుదరని చోట బలవంతంగా ఇరికించకుండా గడి ఖాళీగా వదిలేశాడు. ఇక్కడుండాల్సినది ఇంకా దొరకలేదు అన్నాడు. అల్యూమినియం కింది ఖాళీకి ‘ఎకా అల్యూమినియం’ అని పేరు పెట్టాడు. ఆ ‘ఎకా’ మన ఒకటీ రెండులోని ‘ఏక’మే, సంస్కృతం నుంచి తీసుకున్నాడు. దాని సాంద్రత ఎంతుండాలో, అది తక్కువ వేడికే కరుగుతుందనీ ముందే రాసి పెట్టాడు.

1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ అనే శాస్త్రవేత్తకు ఆ లోహం దొరికింది. గాలియం అన్నాడు. సాంద్రత తూచి నీటికి 4.7 రెట్లు అని ప్రకటించాడు. మెండలీవ్ ఒప్పుకోలేదు, 5.9 దగ్గర ఉండాలి, శుద్ధి చేసి మళ్ళీ తూచమన్నాడు. ఆలోచించండి పిల్లలూ, లోహాన్ని చేత్తో పట్టుకున్నవాడికి, కంటితో కూడా చూడనివాడు చెబుతున్నాడు! మళ్ళీ తూస్తే 5.9 వచ్చింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. టెల్లూరియం భారం 127.6, అయోడిన్‌ది 126.9. భారం ప్రకారం అయోడిన్ ముందు రావాలి, గుణం ప్రకారం వెనక. మెండలీవ్ గుణాన్నే నమ్మి, భారం కొలవడంలో తప్పుందనుకున్నాడు. కొలతలో తప్పు లేదు. 1913లో మోస్లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఎక్స్ కిరణాలతో చూసి, అసలు వరుస కేంద్రకంలోని ధనావేశానిదని తేల్చాడు. టెల్లూరియం 52, అయోడిన్ 53. రెండేళ్ళకే, 27 ఏళ్ళ వయసులో, మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గాలిపోలి దగ్గర తూటాకు పోయాడు. ఆ పేరు చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

ఇప్పుడు ఈ చిన్న సీసాను ముందు వరుస నుంచి పంపుతున్నాను. లోపలిది గాలియం. 29.8 డిగ్రీలకు కరుగుతుంది. మే నెలలో మా ఇంట్లో బీరువాలో ఉండగానే పాదరసంలా ఊగుతుంది, ఇప్పుడు మాత్రం గడ్డగా ఉంది. మూత తీయకండి. అరచేతిలో గట్టిగా మూసి పట్టుకుని, కొంచెం ఓపికపట్టి చూడండి.