షాంపూ సీసా మాని బార్‌కి మారుతున్నారా? ముందు మీ నీళ్లు చూసుకోండి

నమస్కారం అండీ. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే మన వైజాగ్ బీచ్ రోడ్డుకి వెళ్లి, గెడ్డ, అంటే వాగు నీళ్లు సముద్రంలో కలిసే చోట ఇసుక చూడండి. చిప్స్ ప్యాకెట్ల మధ్య షాంపూ ప్యాకెట్లు కనిపిస్తాయి. ఒక్క తలస్నానానికి వాడి పడేసినవి. ఖాళీ సీసా అయితే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. ఈ ప్యాకెట్‌ని ఎవరూ తీసుకోరు. రకరకాల పొరలు కలిపి అతికించేసి ఉంటాయి, విడదీయడం చాలా కష్టం. అవి చూసి బాధ కలిగే నేను షాంపూ బార్‌కి మారాను.

మామూలు షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లు తీసేసి, మురికి వదిలించే సరుకుని బిళ్లగా నొక్కితే అది షాంపూ బార్. కాగితం డబ్బాలో వచ్చేస్తుంది, సీసా అక్కర్లేదు.

కానీ నేను మొదట కొన్న బార్‌తో జుట్టంతా జిడ్డుగా, మైనం రాసినట్టు అయిపోయింది. రెండు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత డబ్బా వెనక చదివితే అర్థమైంది, అది షాంపూ కాదు, సబ్బు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచుకి పట్టేది అదే, నా జుట్టుకి పట్టిందీ అదే. పైగా సబ్బు పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 9, 10 దాకా ఉంటుంది. మన తల చర్మానిది 5.5 దగ్గర.

అందుకే కొనే ముందు పేర్లు చూడండి. సోడియం పామేట్, సోడియం కొకోయేట్ అని ఉంటే సబ్బు. సోడియం కొకోయిల్ ఐసెథయోనేట్ అని ఉంటే అసలైన షాంపూ బార్, బోరు నీళ్లలోనూ తెట్టు కట్టదు. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది బార్ పనికిరాదని వదిలేస్తున్నారు. నాకు అదే బాధ.

ఒంటికి మాత్రం సబ్బు బిళ్ల చాలు. బాడీవాష్ సీసాలు మన ఇళ్లలోకి మొన్న మొన్న వచ్చినవే కదా. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన వైజాగ్‌లోనే ఉంది, వాళ్ల దుకాణాల్లో సబ్బులు దొరుకుతాయి. ఏజెన్సీ నుంచి వచ్చే కుంకుడుకాయలు కూడా. కుంకుడు నురగ ఆ కాయలోనే ఉండే సపోనిన్ అనే పదార్థానిది, సబ్బుది కాదు. అందుకే మా అమ్మ ఇదే బోరు నీళ్లతో కుంకుడు రసం పోసుకున్నా జుట్టు జిగురు కట్టదు. తీరిక ఉన్న ఆదివారం నేనూ అదే చేస్తాను.

ఇంకో సంగతి, మన తేమ. ఇక్కడి గాలికి సబ్బు పెట్టెలో పెట్టిన బార్ నానిపోయి ముద్దవుతుంది. అలా సగం పాడుచేశాను. ఇప్పుడు బార్‌ని మూడు ముక్కలు కోసి ఒక్కటే బయట పెడతాను, మిగతావి బీరువాలో. బయట పెట్టిన ముక్క కింద ఎండిన నేతిబీర పీచు వేస్తే నీరు కిందికి దిగి, పూటలోనే ఆరిపోతుంది. ఒళ్లు రుద్దుకోవడానికీ ఆ పీచే, ప్లాస్టిక్ బంతి మానేశాను.

వాడేటప్పుడు బార్‌ని తలమీద రుద్దకండి, చిక్కులు పడతాయి. తడి చేతుల్లో నురగ తీసి, ఆ నురగ పట్టించండి.

ఈ వీడియో చూసి ఇంట్లో ఉన్న సీసా మాత్రం పారేయకండి. అది పూర్తిగా అయిపోయాకే బార్ తెచ్చుకోండి.