వోచర్ మీద గడువు తేదీ

అందరికీ నమస్కారం.

ఐటీలోకి రావాలనుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ చందాలు, సర్టిఫికేషన్ పరీక్షలు తక్కువ ఖర్చులో ఎలా సంపాదించుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. సంతోషం. ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, సంవత్సరాంతపు సేల్‌లో, ఒకచోట పరీక్ష వోచర్, అంటే ఫీజు బదులు వాడుకునే కోడ్, కొన్నాను. 40 శాతం తగ్గింపు. కొన్న రోజు నా సంబరం చూస్తే పరీక్ష పాసైపోయాననుకుంటారు. మెయిల్‌లో కోడ్ వచ్చింది, దానికి స్టార్ గుర్తు పెట్టి దాచుకున్నాను. ఈ నెల ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, వచ్చే నెల చూద్దాం. వచ్చే నెల ఇంట్లో పని. ఆ తర్వాత నెల ఇంకోటి. చివరికి ఒక ఆదివారం పట్టుబట్టి కూర్చున్నాను. బుకింగ్ పేజీ తెరిచి, తేదీ ఎంచుకుని, కోడ్ పేస్ట్ చేసి, అప్లై నొక్కాను. గడి కింద ఎర్ర అక్షరాల్లో ఒకే ఒక్క లైను: ఈ వోచర్ గడువు ముగిసింది. లెక్క చూసుకుంటే నాలుగు రోజుల కిందటే ముగిసింది. అమ్మినవాళ్లకి మెయిల్ రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు, కొనేటప్పుడు నేను టిక్ పెట్టి ఒప్పుకున్న షరతులు మళ్లీ పంపారు. అందులో అంతా ఉంది. చదవంది నేనే.

40 శాతం ఆదా చేద్దామని పోయి మిగతా 60 శాతం పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఎవరైనా 'అన్నా, మంచి ఆఫర్ ఉంది' అంటే, ఎంత తగ్గింపు అని తర్వాత అడుగుతాను. ఎప్పటి లోపు రాయాలి అని ముందు అడుగుతాను.

ఈ గడువు విషయంలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. గడువులోపు బుక్ చేస్తే చాలనుకుంటారు. మామూలుగా వోచర్ల షరతు అది కాదు, గడువులోపు పరీక్ష రాసేయాలి. కాంప్‌టియా అనే ఐటీ సర్టిఫికేషన్ సంస్థ వోచర్లు సాధారణంగా 12 నెలలు పనిచేస్తాయి, ఆ 12 నెలల్లో పరీక్ష గదిలో కూర్చోవాలి. లైనక్స్ ఫౌండేషన్ వాళ్ల పరీక్ష సీకేఏ ఇంకా బాగుంటుంది. అది కుబెర్నెటీస్ మీద, అంటే చాలా సర్వర్ల మీద అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ మీద. ఫీజులోనే ఒక రీటేక్, అంటే తప్పితే మళ్లీ రాసే అవకాశం, కలిసి ఉంటుంది, ప్రాక్టీస్ సిమ్యులేటర్ రెండుసార్లు ఇస్తారు. వాళ్లు సేల్ పెట్టినప్పుడు కొన్నవాళ్లకి నిజంగా లాభమే. కానీ ఆ రీటేక్ కూడా అదే 12 నెలల్లో వాడుకోవాలి. పదకొండున్నర నెలలు ఊరుకుని, చివరి వారంలో మొదటిసారి రాసి ఫెయిలైతే, రెండో అవకాశం పేరుకే మిగులుతుంది.

ఫెయిలయ్యాక మళ్లీ ఎప్పుడు రాయనిస్తారన్నది ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మైక్రోసాఫ్ట్ మొదటిసారి తప్పితే 24 గంటలు ఆగమంటుంది. ఏడబ్ల్యూఎస్, అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్, 14 రోజులు ఆగమంటుంది. కాంప్‌టియాలో మొదటి, రెండో ప్రయత్నాల మధ్య ఆగక్కర్లేదు, మూడోదానికి 14 రోజులు ఆగాలి. వోచర్‌కి పది రోజులే మిగిలి ఉండి, మధ్యలో 14 రోజులు ఆగమంటే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? అందుకే ముందు పరీక్ష తేదీ అనుకోండి. దాని నుంచి వెనక్కి రెండు నెలలు లెక్కపెట్టుకుని, అప్పుడు ఆఫర్లు వెతకండి. సేల్ వచ్చింది కదా అని పరీక్ష ఎంచుకుంటే, నచ్చని పుస్తకం సగం ధరకి వచ్చిందని కొన్నట్టే.

రీటేక్ కలిపిన ప్యాకేజీ కొనాలా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఇది మీ మొదటి సర్టిఫికేషన్ పరీక్ష అయితే కొనండి. సబ్జెక్టు రాకపోవడం వల్ల కాదు, ఆ గడియారం, ఆ ప్రశ్నల తీరు, ఆ టెన్షన్ వల్ల మొదటిసారి తప్పేవాళ్లు ఉంటారు. జేబులో రెండో అవకాశం ఉందంటే చెయ్యి వణకదు. రెండో పరీక్ష నుంచి అక్కర్లేదు.

ఇక ప్యాకేజీల్లో మిగతా సరుకు. 'కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ' అన్నట్టు ఒక వోచర్ కొంటే పుస్తకం, వీడియోలు, ల్యాబ్‌లు, ఇంకేదో అంటూ అంటగడతారు. పుస్తకం ఏ వెర్షన్ పరీక్షదో చూశారా? కాంప్‌టియా వాళ్ల సైబర్ సెక్యూరిటీ పరీక్ష సెక్యూరిటీ ప్లస్ సంగతే తీసుకోండి. ఎస్‌వై0-701 అనే కొత్త వెర్షన్ 2023 నవంబరులో వచ్చింది, పాత 601 వెర్షన్ 2024 జులై చివర్లో మూతపడింది. ఆ మధ్యలో పాత పుస్తకాలూ పాత కోర్సులూ భారీ తగ్గింపులో దొరికాయంటే దయతో కాదు, దుకాణం ఖాళీ చేసుకోవడానికి. వాళ్లదే, కంప్యూటర్ సపోర్ట్ పనికి సంబంధించిన 'ఏ ప్లస్' (A+) అయితే ఇంకో మెలిక. దానికి రెండు పరీక్షలు, రెండు వోచర్లు. ఆ రెండూ ఒకే సిరీస్‌వి కావాలి, 1101తో 1102, 1201తో 1202. మొదటిది 1101 రాసి, బద్ధకించి, రెండోది 1202 రాస్తే సర్టిఫికెట్ రాదు. 1101, 1102 పరీక్షలు 2025 సెప్టెంబరులో మూతపడ్డాయి. అప్పటికి ఒకటే పాసైనవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

పాసయ్యాక ఖర్చు అయిపోయిందనుకోకండి. సర్టిఫికెట్‌కి కూడా గడువుంటుంది. ఏడబ్ల్యూఎస్‌వి మూడేళ్లు. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ మూడేళ్లు. గూగుల్ క్లౌడ్ ప్రొఫెషనల్ స్థాయివి రెండేళ్లు. సీకేఏ ఒకప్పుడు మూడేళ్లు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి పాసైనవాళ్లకి రెండేళ్లకి తగ్గించారు. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయిది ఏడాదే. వినగానే గుండె గుభేలుమంటుంది, కానీ నిజానికి వీటన్నిటిలోకీ జేబుకి తేలికైనది అదే. ఎందుకంటే రెన్యువల్ ఉచితం. గడువు తీరడానికి ఆరు నెలల ముందు నుంచి ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్‌లో, పుస్తకం తెరుచుకునే రాయొచ్చు. తప్పితే మళ్లీ రాయొచ్చు. గడువు దాటనిచ్చారా, మళ్లీ అసలు పరీక్షే, పూర్తి ఫీజే. ఇక వాళ్ల ఫండమెంటల్స్ సర్టిఫికెట్లకైతే గడువే లేదు.

ఏడబ్ల్యూఎస్ వాళ్లు ఒక పరీక్ష పాసైతే తర్వాతి పరీక్షకి 50 శాతం తగ్గింపు కోడ్ ఇస్తారు. ఇది మీ ఖాతాలోనే ఉంటుంది, మెయిల్ కోసం ఎదురుచూస్తే కనబడదు. చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు. చిన్న పరీక్ష క్లౌడ్ ప్రాక్టీషనర్ ముందు రాసి, దాని కోడ్‌తో పెద్దది సగం ధరకి రాయడం పాత కిటుకే, ఇప్పటికీ పనిచేస్తుంది. అయితే ఆ చిన్న పరీక్షలోని విషయం మీకు ముందే వచ్చి ఉంటే, దానికి పెట్టే ఫీజూ సమయమూ కూడా ఆ లెక్కలో వేసుకోండి.

ఉచితం అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఐఎస్‌సీ2 అనే సంస్థ 2022లో పది లక్షల మందికి సైబర్ సెక్యూరిటీ ప్రవేశ స్థాయి శిక్షణా పరీక్షా ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. మంచి పని. కానీ పాసయ్యాక సర్టిఫికెట్ చేతికి రావాలన్నా, నిలబడాలన్నా ఏటా 50 డాలర్ల నిర్వహణ రుసుము కట్టాలి. ఇందులో మోసమేమీ లేదు, ముందే రాసి ఉంది. పరీక్ష రాసేవాడు మాత్రం పరీక్ష ఫీజు ఒక్కటే చూస్తాడు.

చౌకకి ఇంకో చీకటి కోణం ఉంది. సగం కంటే తక్కువకి వోచర్లు అమ్ముతామని చాటింగ్ గ్రూపుల్లో తిరిగేవాళ్లని చూసే ఉంటారు. కాంప్‌టియా వోచర్ ఏ దేశానికి ఇచ్చారో అక్కడే చెల్లుతుంది. వేరే ప్రాంతపు కోడ్, దొంగిలించిన కార్డుతో కొన్న కోడ్, కాలేజీలకి ఇచ్చిన కోడ్, ఏదైనా కావచ్చు. అది తర్వాత బయటపడితే పాసైన ఫలితం కూడా రద్దు చేసే హక్కు వాళ్లకుంది. ఇక 'అసలు ప్రశ్నలే ఇస్తాం' అనే డంపులు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు బయటపెట్టనని మీరు ఒప్పుకుంటారు, ఆ పేజీ ఎవరూ చదవరు. దొరికితే సర్టిఫికెట్ పోతుంది, మళ్లీ రాయనివ్వరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పైగా ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునే నాలాంటివాడికి మూడో ప్రశ్నకే తెలిసిపోతుంది. నెట్‌వర్కింగ్‌లో ఓనమాల్లాంటి సబ్‌నెట్ మాస్క్ రాయమంటే పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేస్తారు.

సరే, సాఫ్ట్‌వేర్ చందాల దగ్గరికి వద్దాం.

ఫొటోషాప్ చేసే అడోబీ 2013లో సాఫ్ట్‌వేర్‌ని పెట్టెలో అమ్మడం వదిలి నెలవారీ చందాల వైపు మళ్లింది, తర్వాత ఊరంతా అదే దారి. ఇక్కడ జాగ్రత్తగా చదవాల్సిన మాట 'వార్షిక ప్లాన్, నెలనెలా చెల్లింపు'. చూడ్డానికి నెల చందాలా ఉంటుంది, నిజానికి ఏడాది ఒప్పందం. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టమంటారు. ఈ షరతుని సరిగ్గా కనబడకుండా దాచారని ఆరోపిస్తూ అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద దావా వేసింది. మొదటి నెల చౌకగా ఇచ్చారంటే ముందుంది ముసళ్ల పండుగ. నేనైతే ట్రయల్ మొదలుపెట్టిన రోజే రద్దు బటన్ ఎక్కడుందో వెతికి పెట్టుకుంటాను. అది దొరక్కపోతే ఆ ట్రయలే వద్దు.

'లైఫ్‌టైమ్' ఆఫర్లంటారా, ఆ ఆయుష్షు మీది కాదు, ఆ కంపెనీది.

అన్ని చందాలూ ఒకేలా ఉండవు. కోడ్ రాసుకునే ఎడిటర్లు అమ్మే జెట్‌బ్రెయిన్స్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. ఏడాది చందా కట్టి ఆపేసినా, చందా మొదలైనప్పటి వెర్షన్ మీ దగ్గరే శాశ్వతంగా ఉంటుంది. విద్యార్థులకైతే ఉచితం. ఆ ఎడిటర్లలో వెబ్‌స్టార్మ్, రైడర్ రెండిటినీ 2024 అక్టోబరు నుంచి వ్యాపారేతర వాడకానికి ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నారు. చదువుకుంటున్నవాళ్లు విద్యార్థులకి ఉచిత టూల్స్ కట్టగా ఇచ్చే గిట్‌హబ్ స్టూడెంట్ డెవలపర్ ప్యాక్ తీసుకోకుండా ఉండడం నాకు ఆశ్చర్యం. 2014 నుంచి ఉంది. కాలేజీ మెయిల్ ఉంటే చాలాసార్లు అదే ఆధారం, లేకపోతే గుర్తింపు కార్డు ఫొటో పెడతారు. చదువైపోయే ఆఖరి సెమిస్టర్ వరకు ఆగకండి. ఆ మెయిల్ మూతపడ్డాక విద్యార్థి ధరలన్నీ దానితోనే పోతాయి.

సర్వర్లు నేర్చుకునేవాళ్లకి సర్వర్లలో వాడే లైనక్స్ చేసే రెడ్ హ్యాట్ వాళ్ల డెవలపర్ చందా ఉంది. ఖర్చు లేదు, 16 సిస్టమ్‌ల వరకు పెట్టుకోవచ్చు. రెడ్ హ్యాట్ పరీక్ష రాసేవాడు దానికి నకలు వెతుక్కోకుండా అసలుదాని మీదే చేయి తిప్పుకోవచ్చు. నెట్‌వర్కింగ్‌కి సిస్కో వాళ్ల నెట్‌వర్క్ సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్, వాళ్ల నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. మైక్రోసాఫ్ట్ పరీక్షలకి వాళ్ల లెర్న్ సైట్‌లోనే ప్రాక్టీస్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. డబ్బు పెట్టి వేరేచోట కొనే ముందు అవి పూర్తిచేయండి.

క్లౌడ్ క్రెడిట్లు, అంటే క్లౌడ్ వాడుకోవడానికి వాళ్లే ఖాతాలో వేసే ఉచిత మొత్తం, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నా దగ్గరికి వచ్చే ఏడుపు ఫోన్లలో సగం వీటివే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ విద్యార్థులకి 100 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది, క్రెడిట్ కార్డు అడగదు. కార్డు ఇవ్వలేదు కాబట్టి బిల్లు భయం లేదు, కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. గూగుల్ క్లౌడ్ 300 డాలర్లు, 90 రోజులు. ఏడబ్ల్యూఎస్‌లో ఒకప్పుడు 12 నెలల ఉచిత వాడకం ఉండేది. 2025 జులై మధ్య నుంచి తెరిచే ఖాతాలకి పద్ధతి మారింది. మొత్తం 200 డాలర్ల వరకు క్రెడిట్లు, ఉచిత ప్లాన్ ఆరు నెలలు లేదా క్రెడిట్లు అయ్యేదాకా, ఏది ముందైతే అది. పాత వీడియో చూసి 12 నెలలనుకుంటే దెబ్బతింటారు.

డబ్బు కట్టే ఖాతాలో బిల్లు ఎలా వస్తుందో చూడండి. ఒక కుర్రాడు శనివారం ట్యుటోరియల్ చూస్తూ ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ, అంటే తనకంటూ ఒక ప్రైవేటు నెట్‌వర్క్, కట్టాడు, దాన్నుంచి ఇంటర్నెట్‌కి దారిచ్చే నాట్ గేట్‌వే పెట్టాడు. సాయంత్రం వర్చువల్ మెషీన్, అంటే ఆ అద్దె కంప్యూటర్, ఆపేశాడు, అంతా ఆగిందనుకున్నాడు. నాట్ గేట్‌వే గంటల లెక్కన నడుస్తూనే ఉంది. దానికి తగిలించిన పబ్లిక్ ఐపీ అడ్రసుకీ 2024 ఫిబ్రవరి నుంచి గంటకి ఇంత అని పడుతోంది. అవి ఎడమవైపు మెనూలో వేరే పేజీలో ఉంటాయి, వర్చువల్ మెషీన్ల జాబితాలో కనబడవు. నెలాఖరుకి బిల్లు చూసి ఎవరో హ్యాక్ చేశారనుకున్నాడు. బడ్జెట్ అలారం పెట్టుకోమంటాను, కానీ అలారం మెయిల్ పంపుతుందంతే, తనంతట తాను దేన్నీ ఆపదు. ల్యాబ్ అయ్యాక ఒక్కొక్కటీ తీసేసి, మర్నాడు ఉదయం బిల్లింగ్ పేజీ ఇంకోసారి తెరిచి చూడాలి.

చివరిగా, డబ్బు పెట్టిన పరీక్ష గుమ్మం దగ్గరే పోకుండా ఒక మాట. బుకింగ్ ఖాతాలో మీ పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరం ఉంటే చెక్-ఇన్ దగ్గరే వెనక్కి పంపొచ్చు, ఫీజు తిరిగి రాదు. ఇంటి నుంచి రాసేటట్టయితే ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు, వీపీఎన్ వద్దు, సిస్టమ్ టెస్ట్ అదే గదిలో అదే ఇంటర్నెట్ మీద ముందురోజే చేసుకోండి. జ్వరమొచ్చిందో, కరెంటు నమ్మకంగా లేదో, తేదీ మార్చుకోవాలంటే 24 గంటల ముందే మార్చుకోవాలి. 23 గంటల ముందు గుర్తొస్తే మీ వోచర్ కూడా నా వోచర్ దారే పడుతుంది.

అక్కడ చేతులు లేస్తున్నాయి. ముందు ఆ చివరి వరసలో ఉన్నమ్మాయికి మైకు ఇవ్వండి.