పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ ఏసే ముంగట

శ్రోతలందరికీ నమస్తే. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వింటున్న అన్నలకు, అక్కలకు, చదువుకునే పిల్లలకు అందరికీ నమస్తే. ఇయ్యాల ముచ్చట పాత ల్యాప్‌టాప్ గురించి. ఇంట్ల పెద్దోడు ఇంజినీరింగ్‌ల చేరినప్పుడు కొన్నది, వాడు కొలువుకు పోయినంక చెల్లె డిగ్రీకి వాడుకున్నది, ఇప్పుడు ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగ తిరుగుడే తిరుగుడు, డిగ్రీ సీట్ల కోసం దోస్త్ వెబ్‌సైట్ల ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు పేజీ తెరుచుకోదు, ఇగ ఆన్‌లైన్ సెంటర్ కాడికి ఉరుకుడే. దుకాణంల చూపిస్తే ఒకాయన "అన్నా ఇది పాతబడ్డది, కొత్తది తీస్కో" అంటడు, ఇంకొకాయన "ర్యామ్ పెంచుదాం, మస్తు స్పీడ్ అయితది" అంటడు. ఇద్దరి మాటల సగం సగం నిజం ఉంటది. మన మిషన్‌కు ఏం కావాల్నో ఆ మిషనే చెప్తది, పైస ఖర్చు లేకుండ, జర అడిగే తీరు తెలవాలె గంతే.

ముందుగాల ర్యామ్ అంటే ఏందో ఒక మాట అనుకుందాం. "నా దాంట్ల 500 జీబీ ఉన్నది కద, ఇంకెందుకు స్లో" అని చాన మంది అడుగుతరు. ఆ 500 దాచుకునే జాగ, ఫొటోలు సినిమాలు ఉండేది అండ్ల. ర్యామ్ అంటే ఇప్పుడు నడుస్తున్న పని పెట్టుకునే జాగ, కరెంటు బంద్ అయితే అండ్లది పోతది. ఊర్ల కిరాణం దుకాణం చూడుండ్రి, గల్లా పక్కన చేతికందేటట్టు చక్కెర, చాయ్‌పత్తి, సబ్బులు పెట్టుకుంటరు, మిగతా బస్తాలన్నీ ఎనుక గోదాంల ఉంటయ్, గల్లా కాడ జాగ చాలకపోతే గిరాకి అడిగిన ప్రతిదానికి లోపలికి ఉరకాలె. కంప్యూటర్ సుత గదే చేస్తది, ర్యామ్ నిండితే కొంత సామాను డిస్క్ మీదికి తోలి అవసరం పడ్డప్పుడు మళ్ళ తెచ్చుకుంటది. ఆ హార్డ్ డిస్క్ లైటు ఆగకుంట కొట్టుకునేది చాన సార్లు గందుకే. పైగా క్రోమ్ లాంటి బ్రౌజర్లు ఒక ట్యాబ్ పాడైతే మిగతావి పడిపోవద్దని ట్యాబ్‌లను విడివిడి ప్రోగ్రాంల తీరుగ నడిపిస్తయ్, మంచిదే, కానీ ట్యాబ్‌లు పెరిగేకొద్దీ ర్యామ్ తింటయ్. 2013ల కొన్నప్పుడు 4 జీబీ మస్తుగ సరిపోయింది అంటే నిజమే, అప్పటి వెబ్‌సైట్లు వేరు, ఇప్పటియి వేరు.

ఇగ అడిగే తీరు. మీరు రోజు ఏం పని చేస్తరో అదంతా తెరవండ్రి, బ్రౌజర్, రెండు మూడు పీడీఎఫ్‌లు, వర్డ్, యూట్యూబ్ల క్లాసు, అన్నీ. తెరిచినంక కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒక్కసారే ఒత్తాలె. టాస్క్ మేనేజర్ అని వస్తది, చిన్నగ కనిపిస్తే కింద మోర్ డీటెయిల్స్ ఒత్తి, పర్ఫార్మెన్స్‌కు పోయి మెమరీ మీద నొక్కండ్రి. అక్కడ నూటికి 85, 90 దాటి నిలబడ్డదంటే ర్యామ్ తక్కువైందన్నట్టే. అట్ల కాకుంట మెమరీ 50, 60 కాడ ఉండి దాని కింద డిస్క్ అనే గీత పొద్దుమాపు 100 కాడ నిల్చుంటే మాత్రం తప్పు ర్యామ్‌ది కాదు. ఆ కాలం ల్యాప్‌టాప్‌లల్ల చాన వాటికి నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ పెట్టిన్రు, లోపల నిజంగనే పళ్ళెం తిరుగుతది, సూది కదులుతది. అది తీసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండ చిప్పుల మీదనే దాచుకునే డిస్క్, ఏస్తేనే తేడా తెలుస్తది. నా లెక్క చెప్పాల్నంటే, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ రెండూ ఉండి జేబుల ఒక్కదానికే పైసలుంటే ముందుగాల ఎస్ఎస్‌డీకే పెడ్త, ఎందుకంటే ర్యామ్ నిండినా సామాను అటు తోలి ఇటు తెచ్చుకునుడు జల్ది అయితది. 2 జీబీ ఉన్నదంటే వేరే ముచ్చట, దానికి ర్యామ్ లేంది ఏం చేసినా దండగే.

ర్యామే తక్కువ అని తేలింది అనుకుందాం. అయినా దుకాణానికి పోకుండ్రి ఇంకా. అదే మెమరీ పేజీల కింద స్లాట్స్ యూజ్డ్ అని ఉంటది, 1 ఆఫ్ 2 అంటే ఒక జాగ ఖాళీ ఉన్నట్టు, 2 ఆఫ్ 2 అంటే ఉన్నది తీసి పెద్దది పెట్టాలె. దాని దగ్గర్నే ఫామ్ ఫ్యాక్టర్ అని ఇంకో మాట ఉంటది, అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే తీసి పెట్టుకునే ముక్క, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకే అతికిచ్చిన్రు, దాన్ని తీయరాదు. సన్నగ, ముద్దుగ ఉండే ల్యాప్‌టాప్‌లల్ల గిదే బాధ, కొన్నిట్ల మాత్రం అతికిచ్చింది కొంత ఉండి పక్కన ఒక ఖాళీ జాగ సుత ఉంటది. ఎనుకట మందంగ, బరువుగ ఉన్నయని మనం నవ్వినయే ఇప్పుడు ఇప్పుకోనీకి సులువు.

ఇంకోటి, సెట్టింగ్స్‌ల సిస్టమ్, అబౌట్ అనేకాడ 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉన్నదా 64 బిట్ అని ఉన్నదా చూడాలె. మామూలుగ మనం ఇండ్లల్ల వాడే 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి లెక్కపెట్టలేదు, అండ్ల సుత గ్రాఫిక్స్‌కు గీటికి గీటికి పోను మూడు, మూడున్నర చిల్లరనే చేతికొస్తది. 8 జీబీ ఏయించుకొని ఇంటికొచ్చి చూస్తే పనికొచ్చేది మూడే ఉన్నదని దుకాణమాయనతోటి లొల్లి పెట్టుకునేటోళ్ళు ఉన్నరు, ఆయన తప్పేం లేదు పాపం. ప్రాసెసర్ 64 బిట్‌దే అయ్యుంటే విండోస్ 64 బిట్‌ది కొత్తగ ఏసుకోవాలె, డేటా ముందుగాల పెన్ డ్రైవ్‌ల దాచుకొని.

ఇప్పుడు అసలు కష్టం, ఏ రకం ర్యామ్ అని. ఇక్కడ్నే మంది పైసలు పోగొట్టుకుంటున్నరు కాబట్టి జర నిదానంగ చెప్త. పాతయ్యి డీడీఆర్2, దాని తర్వాత డీడీఆర్3, తర్వాత 4, ఇప్పుడు 5. ల్యాప్‌టాప్ ముక్కల మీద బంగారు రంగు కాళ్ళు డీడీఆర్2కు 200, 3కు 204, 4కు 260, 5కు 262 ఉంటయ్, మధ్యల ఒక గాటు ఉంటది, ఆ గాటు జాగ ఒక్కోదానికి ఒక్కో తీరు. అంటే ఒకదాని జాగల ఇంకోటి కూసోదు, బలిమిటికి నొక్కితే బోర్డు ఖరాబు. దాన్ని ఎట్లనన్న గుర్తు పట్టొచ్చు, మోసపోయేది ఎక్కడంటే డీడీఆర్3లనే రెండు రకాలుంటయ్, ఒకటి 1.5 వోల్టులది, ఇంకోటి ఎనుక ఎల్ అనే అక్షరం ఉండే 1.35 వోల్టులది. రెండిటికీ కాళ్ళు అవే 204, గాటు అదే, చూడనీకి కవల పిల్లలే. ఇంటెల్ కంపెనీ నాలుగో తరం ప్రాసెసర్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లు ఎల్ ఉన్నదే అడుగుతయ్, ఎల్ లేనిది పెడితే చాన వాటిల తెర నల్లగనే ఉంటది, మనం ల్యాప్‌టాప్ చచ్చిపోయిందనుకుంటం. ఎల్ ఉన్న ముక్క మామూలుగ రెండు వోల్టులకూ ఓర్చుకుంటది, గందుకని డీడీఆర్3 కొనేకాడ ఎల్ ఉన్నదే అడిగి తీస్కుంటే సగం రంది పోతది.

మనది ఏ తరమో ఎట్ల తెలవాలె అంటే, అదే అబౌట్ పేజీల ప్రాసెసర్ పేరు ఉంటది, ఐ3 4005యూ అని ఉన్నదనుకో, ఐ3 తర్వాత వచ్చిన మొదటి అంకె 4, అది నాలుగో తరం. 5 ఉంటే ఐదోది. ఆరో తరం కాడ తిరకాసు ఉన్నది, ఆ ప్రాసెసర్ డీడీఆర్3ఎల్ తోటీ నడుస్తది, డీడీఆర్4 తోటీ నడుస్తది, కంపెనీ ఏది పెట్టిందో మూత తీసి చూస్తేనే ఖాయం. ముక్క మీద స్టిక్కర్ ఉంటది, పీసీ3ఎల్ 12800 అని ఉంటే డీడీఆర్3ఎల్, 1600 స్పీడు. పీసీ4 19200 అంటే డీడీఆర్4, 2400 స్పీడు. ఆ స్టిక్కర్‌ను ఫోన్ల ఫొటో తీస్కొని దుకాణంల చూపెట్టుండ్రి, నోటితోటి చెప్పుడు కంటే అది మేలు. స్పీడు కొంచెం అటిటు అయినా పర్వాలేదు, రెండు ముక్కలు కలిసినప్పుడు తక్కువ స్పీడు దాని ఎంట రెండోది నడుస్తది. రెండు ముక్కలు సమానంగ ఉంటే, అంటే 4, 4 పెడితే, ప్రాసెసర్‌కు రెండు దారులల్ల డేటా అందుతది, వీడియో, గ్రాఫిక్స్ పనికి కొద్దిగ తేడా కనిపిస్తది.

ఎంత పెట్టాలె అంటే, 4 నుంచి 8కి పోతే తేడా కండ్లకు కనిపిస్తది. 8 నుంచి 16కి పోవుడు మాత్రం చదువుకు, మీసేవ పనికి, ఉత్తరాలు టైపు కొట్టుకునుటానికి నా దృష్టిల దండగ ఖర్చు, వీడియో ఎడిటింగ్ చేసేటోళ్ళు వేరు. పైగా 2025 చివర్ల నుంచి ర్యామ్ రేట్లు బాగ ఎక్కినయ్, ఏఐ కోసమని పెద్ద పెద్ద డేటా సెంటర్లు కడుతున్నరు, చిప్పులు చేసే కంపెనీలు సరుకు అటు మళ్ళిస్తున్నయ్, ఆ సెగ నల్లగొండ గడియారం సెంటర్ల నిలబడ్డ మనకూ తగులుతున్నది. గందుకని వాడిన ముక్కలకు గిరాకి పెరిగింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌ల సీటీసీ అంటరు, చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఆడ పాతయ్యి కొత్తయ్యి రెండూ దొర్కుతయ్. కానీ మహబూబ్‌నగర్ నుంచి అయినా నల్లగొండ నుంచి అయినా వంద కిలోమీటర్ల దూరం, తప్పుది తెచ్చుకుంటే మార్చనీకి మళ్ళ బస్సు కిరాయి, కాబట్టి ల్యాప్‌టాప్‌ను ఎంట తీస్కపోయి అక్కడ్నే ఏసి చూసుకోవాలె. పక్క ఊర్లనే తెలిసిన దుకాణం ఉంటే వంద రెండొందలు ఎక్కువైనా ఆడ కొనుడే నాకు నయమనిపిస్తది.

ఏసుడు పెద్ద బ్రహ్మవిద్య కాదు. షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, బ్యాటరీ ఊడొచ్చేదైతే తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు ఒత్తి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతది. బ్యాటరీ లోపలే ఉంటే మూత తీసినంక దాని వైరు ముందు పీకాలె. స్టార్ స్క్రూడ్రైవర్ కావాలె, మరలు పొడుగువి పొట్టివి ఉంటయ్, ఏది ఎక్కడిదో కాయితం మీద రాసి పెట్టుకోవాలె. చేతికి ఒంటి మీది కరెంటు ఉంటది, చలికాలం ఉన్ని స్వెటర్ ఏసుకున్నప్పుడు చిటచిట అంటది చూడు అదే, గందుకని ముందు ఇనుప కిటికీనో, పైపునో ముట్టుకొని కూసోండ్రి, ముక్కను అంచులు పట్టుకొనే తీయాలె, బంగారు కాళ్ళు ముట్టొద్దు. రెండు దిక్కుల కొక్కేలు బయటికి జరిపితే పాతది పైకి లేస్తది, కొత్తది ఏటవాలుగ దూర్చి కిందికి నొక్కితే టక్ మంటది.

ఆన్ చేసినప్పుడు మొదటిసారి తెర నల్లగ కొద్దిసేపు ఉండొచ్చు, ఆగమాగం కాకుండ్రి. ఎంతకూ రాకుంటే మళ్ళ బంద్ చేసి తీసి సక్కగ కూసోబెట్టాలె, వాడిన ముక్క అయితే కాళ్ళను పెన్సిల్ రబ్బరుతోటి మెల్లగ రుద్ది దుమ్ము ఊదేస్తే చాన సార్లు లేస్తది. వచ్చినంక స్టార్ట్‌ల విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని టైపు చేస్తే రీస్టార్ట్ అయి ముక్కను పరీక్ష చేస్తది, వారంటీ ఉన్నప్పుడే ఇది చేపించుకోవాలె.

ఒకటి మాత్రం ముందే చెప్తున్న, ర్యామ్ పెంచితే విండోస్ 11 ఎక్కుతదని ఆశపడకుండ్రి. దానికి 4 జీబీ ర్యామ్ ఉన్నా చాలు, కానీ ఇంటెల్‌ల అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్, భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలె, పాతవాటికి ఆడ్నే ఆగిపోతది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోటి ఆపేసింది. గసోంటి మిషన్‌ల 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఏసి విండోస్ జాగల లినక్స్ మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుంటే బ్రౌజర్, తెలుగు టైపింగ్, పీడీఎఫ్‌లు అన్నీ నడుస్తయ్, పైసలు కట్టే పని లేదు, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలకు అది చాలు. తీసిన పాత ముక్కను పారేయకుండ్రి, కాయితంల చుట్టి రకం పేరు మీద రాసి పెట్టుండ్రి, పక్కింటోళ్ళ ల్యాప్‌టాప్‌ల ఖాళీ జాగ ఉంటే అక్కర పడ్తది. ఉంట మరి, నమస్తే.