అడవిలో సిగ్నల్ పోతే మీ బండి ట్రాకర్ ఏం చేస్తుంది? రెండు ట్రాకర్లు, ఒకే దారి

నమస్తే అండి. ఇదిగో, టేబుల్ మీద రెండు జీపీఎస్ ట్రాకర్లు ఉన్నాయి. రెండింటినీ ఒకే బండికి బిగించి, ఒకే కంపెనీ సిమ్‌లు వేసి, ఒకే రోజు హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీదుగా మార్కాపురం దాకా తిప్పాం. రెండూ మా డబ్బులతో కొన్నవే, ఎవరూ పంపలేదు. యాప్ ఎలా ఉంది, అలర్ట్‌లు ఎన్ని వస్తాయి, ఫోన్ నుంచి ఇంజిన్ ఆపొచ్చా, వీటి గురించి ఇప్పటికే చాలా వీడియోలు ఉన్నాయి కాబట్టి నేను వాటి జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్కటే: సిగ్నల్ లేని చోట బండి తిరిగిన దారిని ఈ డబ్బా ఎక్కడ దాచుకుంటుంది, దాచుకున్నది తర్వాత సర్వర్‌కి, అంటే యాప్ వెనక ఉండే కంప్యూటర్‌కి, చేరుస్తుందా లేదా.

దీని వెనక ఒక సంగతి ఉంది. మా బావకి బొలెరో పికప్ ఉంది, మార్కాపురం వైపు కిరాయిలు వేస్తుంటాడు. మొన్న వేసవిలో ఒక లోడ్ రెండు గంటలు లేటుగా చేరింది. అడవిలో టైరు పంక్చరైంది, స్టెప్నీ మార్చేసరికి ఆలస్యమైంది అని డ్రైవర్ చెప్పాడు. యాప్ తీసి చూస్తే బండి అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్ట్ గేటు దగ్గర రెండు గంటలకు పైగా ఆగినట్టుంది, అక్కడి నుంచి శ్రీశైలం వైపు ఉన్న దోమలపెంటకి కాస్త ఇవతల దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఒక గీత ఉంది. సరుకు యజమాని ఫోన్లోనే, గేటు దగ్గర బండి ఆపి పడుకుని ఇప్పుడు పంక్చర్ అని కథలు చెబుతున్నాడు అన్నాడు. బావ నమ్మాడు, నేనూ మ్యాప్‌నే నమ్మాను, ఆ కుర్రాడి జీతంలో కోత పడింది. రాత్రి ఇంటికొచ్చి ఆ గీతని జూమ్ చేసి చూశాను. అది కొండల మీదుగా, రోడ్డే లేని అడవిలోంచి పోతోంది. బొలెరో అలా ఎలా పోతుందండీ? ఆ రెండు గంటలూ బండి ఎక్కడుందో ట్రాకర్ దగ్గర లెక్కే లేదు, చివరిసారి సిగ్నల్ ఉన్న చోటునే చూపిస్తూ కూర్చుంది, మేమంతా దాన్ని సాక్ష్యం అనుకున్నాం. అప్పటి నుంచి నాకు ఈ విషయం మనసులో పడిపోయింది.

ముందు షాపులో చెప్పే మాట ఒకటి సరిచేయాలి. "ఇది శాటిలైట్ అండి, అడవిలో కూడా పనిచేస్తుంది" అంటారు, అందులో సగమే నిజం. జీపీఎస్ ఉపగ్రహాలు మన మీద దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, అవి తమ టైమ్, తాము ఉన్న చోటు చెప్పుకుంటూ పోతాయి, అంతే. ట్రాకర్ రేడియో పెట్టెలాగా వినడమే తప్ప తిరిగి వాటికి ఏమీ చెప్పదు, మీ బండి ఉందన్న సంగతే ఆ ఉపగ్రహానికి తెలియదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వింటే ట్రాకర్ తానెక్కడుందో లెక్కేసుకుంటుంది, దీనికి సిమ్ అక్కర్లేదు. ఆ లెక్క మీ ఫోన్‌కి చేరడానికి మాత్రం లోపల ఉన్న సిమ్, దారిలో ఉన్న సెల్ టవర్ కావాలి. కాబట్టి నల్లమలలో బండి ఎక్కడుందో ట్రాకర్‌కి తెలుసు, చెప్పే దారే మూసుకుపోయి ఉంటుంది. తెలిసినదాన్ని అది గుర్తుపెట్టుకుందా లేదా అన్నదే మన ప్రశ్న.

ఇక డబ్బాలు. ఎడమవైపు ఉన్నది బావ బండిలో ముందు నుంచీ ఉన్నది, పదిహేను వందలకి మెకానిక్ షాపులో పెట్టించాడు, పేరు చెప్పను. కుడివైపు టెల్టోనికా ఎఫ్ఎంబీ920, లిథువేనియా దేశపు కంపెనీది. రెండూ 2జీ మీద నడిచేవే, అందుకే జియో సిమ్ వేస్తే రెండూ పనిచేయవు, జియోకి అసలు 2జీ నెట్‌వర్కే లేదు. కొనేముందు ఇది గుర్తుంచుకోండి, చాలామంది ఇక్కడే ఇరుక్కుని డబ్బా పాడైందనుకుంటారు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ట్రాకర్ పంపే సమాచారం అంటే ఫొటోనో మ్యాపో కాదు, కొన్ని అంకెలు. టెల్టోనికా వాడే భాష పేరు కోడెక్ 8. బండి చార్మినార్ దగ్గరుంది అనుకోండి, అక్షాంశం 17.3616, రేఖాంశం 78.4747. దశాంశ బిందువు పంపడం ఎందుకని దాన్ని కోటితో గుణించి 173616000, 784747000 అని రెండు పూర్ణసంఖ్యలుగా మార్చేస్తుంది, ఒక్కోదానికి నాలుగు బైట్లు. దానికి ముందు టైమ్ ఎనిమిది బైట్లు, ఈ రికార్డు ఎంత ముఖ్యమో చెప్పే ఒక బైటు, తర్వాత ఎత్తు, బండి ముఖం ఎటుందో ఆ కోణం, ఎన్ని ఉపగ్రహాలు దొరికాయి, వేగం. అన్నీ కలిపితే 24 బైట్లు! ఇగ్నిషన్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ ఎంతుంది లాంటివి కలిపినా ఒక చుక్క, అంటే మ్యాప్ మీద పడే ఒక రికార్డు, అరవై డెబ్భై బైట్లలో అయిపోతుంది. పది సెకన్లకొక చుక్క చొప్పున రోజుకి పది గంటలు తిరిగితే 3,600 చుక్కలు, నెలంతా కలిపినా మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక మోస్తరు వీడియో అంత. అందుకే పెద్ద డేటా ప్యాక్ వేయించమంటే వేయించకండి.

టైమ్ గురించి ఒక చిన్న మాట. ట్రాకర్ చుక్క మీద వేసే టైమ్ సాధారణంగా మన గడియారం టైమ్ కాదు, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. మీ యాప్‌లో బండి ఐదున్నర గంటలు ముందుకో వెనక్కో చూపిస్తుంటే టెన్షన్ పడకండి, ఎక్కడో టైమ్ జోన్ రెండుసార్లు కలిపారు లేదా అసలు కలపలేదు, సరిచేయించుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, దాచుకోవడం. మంచి ట్రాకర్ ఏం చేస్తుందంటే, చుక్క తయారవగానే ముందు తన ఫ్లాష్ మెమరీలో రాసుకుంటుంది, ఆ తర్వాతే పంపడం. కనెక్షన్ దొరకగానే ముందు తన 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఏ డబ్బాకి ఆ డబ్బాకి వేరుగా ఉండే నంబరు, చెబుతుంది, సర్వర్ సరే అంటుంది, అప్పుడు చుక్కల కట్ట పంపుతుంది. సర్వర్ ఎన్ని అందాయో తిరిగి చెప్పాలి. పన్నెండు పంపితే పన్నెండు అందాయి అని జవాబు రావాలి, వచ్చాకే మెమరీలోంచి తీసేస్తుంది, రాకపోతే అదే కట్ట మళ్ళీ పంపుతుంది. మన కిరాణా కొట్టులో సరుకు దింపి బిల్లు మీద సంతకం తీసుకోవడం లాంటిది. కొన్ని చవక ట్రాకర్ల భాషలో లొకేషన్‌కి ఈ సంతకం పద్ధతే లేదు. పంపేశాను, నా పని అయిపోయింది అనుకుంటాయి. సిగ్నల్ సగం చచ్చిన చోట, అంటే కనెక్షన్ ఉన్నట్టే ఉండి ఏమీ పోని చోట, ఆ చుక్కలు గాల్లో కలిసిపోతాయి.

ప్రయాణం సంగతి చెప్తాను. మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, మేం తెల్లవారకముందే అక్కడికి చేరి, తీయగానే లోపలికి వెళ్ళాం. కాసేపటికి రెండు సిమ్‌ల సిగ్నలూ పోయింది. 6:20 నుంచి 7:35 దాకా, అంటే గంటంపావు, పది సెకన్లకొకటి చొప్పున 450 చుక్కలు పడాలి. దోమలపెంట దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ దొరికింది, నా ల్యాప్‌టాప్‌లో టెల్టోనికా చుక్కలు కట్టలు కట్టలుగా దిగడం మొదలైంది. ఇదిగో ఈ వరుస చూడండి: డివైస్ టైమ్ 6:48, సర్వర్ టైమ్ 7:39. అంటే బండి ఆ వంపులో ఉన్నది 6:48కి, ఆ సంగతి మనకి తెలిసింది 7:39కి. ఈ రెండు టైమ్‌లూ విడివిడిగా చూపించని యాప్‌ని నేను నమ్మను. 450కి పైగానే వచ్చాయి, ఘాట్ వంపులు కూడా సరిగ్గా పడ్డాయి, ఎందుకంటే బండి ముఖం తిరిగిన ప్రతిసారీ అదనంగా ఒక చుక్క వేయమని సెట్ చేశాను.

చవక డబ్బా నుంచి వచ్చినవి 60, అంటే చివరి పది నిమిషాలు. దాని అట్ట మీద బ్లైండ్ ఏరియాలో, అంటే సిగ్నల్ లేని చోట, డేటా సేవ్ అవుతుందని రాసి ఉంది, అది అబద్ధం కాదు, సేవ్ అవుతుంది. ఎన్ని అన్నది మాత్రం రాయలేదు! మెమరీ నిండగానే కొత్తది వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది, మొదటి 65 నిమిషాలు అలా చెరిగిపోయాయి. మ్యాప్ మీద మళ్ళీ అదే తిన్నటి గీత, అదే చోట మొదలై అదే చోట ముగిసింది. ఆ గీత చూసినప్పుడు బావ ఏమీ మాట్లాడలేదు.

మెమరీ ఎంత ఉండాలో ఒక కొలబద్ద కావాలంటే మన దేశంలోనే ఉంది. ప్రయాణికుల్ని ఎక్కించుకునే బస్సులు, ట్యాక్సీలకు 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరయ్యే కొత్త బండ్లలో ట్రాకర్, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేశారు, దానికి ఏఐఎస్ 140 అనే ప్రమాణం ఉంది. అందులో కనీసం 40,000 చుక్కలు దాచుకోవాలని, బండి బ్యాటరీ పీకేసినా లోపలి బ్యాటరీతో నాలుగు గంటలు నడవాలని, మన ఇస్రో నావిక్ ఉపగ్రహాల్ని కూడా వినగలగాలని ఉంది. పది సెకన్లకొకటి లెక్కన 40,000 అంటే నాలుగున్నర రోజులకు పైనే. ఇంకో మంచి పద్ధతి, ప్రతి చుక్క మీదా అది లైవా, దాచిపెట్టి తర్వాత పంపిందా అని గుర్తు ఉంటుంది. బావది గూడ్స్ బండి, ఆ రూల్ దానికి లేదు, అయినా కొనేటప్పుడు ఈ అంకె అడగడంలో తప్పేం లేదు.

టెల్టోనికాలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ఒకటి, డబ్బా కొనగానే పని అవదు, ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు చేయాలి, సర్వర్ మనమే చూసుకోవాలి. నేను ట్రాకార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను, అలవాటు లేనివాళ్ళకి ఒక రోజు పడుతుంది. రెండు, దట్టమైన చెట్ల కింద చుక్కలు రోడ్డు పక్కకి జరిగాయి. అది ఏ ట్రాకర్‌కైనా తప్పదు. ఇందాకటి అక్షాంశ, రేఖాంశాల్లో చివరి అంకె విలువ సెంటీమీటరంతే అయినా రిసీవర్ మాత్రం కొన్ని మీటర్లు అటూ ఇటూ పడుతుంది, ఆగిన బండి చుట్టూ చుక్కలు చీమల్లా తిరుగుతుంటాయి. దాన్ని చూసి డ్రైవర్ బండి కదిపాడు అనకండి, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉందా లేదా చూడండి.

ఇంకో విషయం కచ్చితంగా చెప్పాలి. మీ బండి రోజంతా తిరిగిన దారి ఎవరి సర్వర్‌లో ఉంటోంది? బావ పాత యాప్‌లో రీఛార్జ్ ఒక నెల ఆలస్యమైతే వెనక హిస్టరీ మొత్తం మాయమైంది, అడిగితే మూడు నెలలే ఉంచుతామన్నారు. పైగా చవక ట్రాకర్లలో చాలావాటికి పంపే సమాచారానికి తాళం ఉండదు, పాస్‌వర్డ్ 123456 అలాగే ఉండిపోతుంది. 2022 జూలైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్ గురించి హెచ్చరిక ఇచ్చింది, దాని సర్వర్‌లోనే మార్చలేని మాస్టర్ పాస్‌వర్డ్ రాసి ఉంది. అది తెలిసినవాడు బండి ఎక్కడుందో చూడగలడు, ఇంధనం కూడా ఆపగలడు. ఇంట్లో ఆడపిల్ల నడిపే స్కూటీకి ట్రాకర్ పెట్టేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకండి, పెట్టిన రోజే పాస్‌వర్డ్ మార్చండి.

కొనే ముందు షాపులోనే ఈ పరీక్ష చేయించండి, అరగంట పని. ట్రాకర్ బిగించాక సిమ్ తీసేయమనండి. బండి వేసుకుని నాలుగు వీధులు, రెండు మలుపులు ఉన్న దారిలో ఇరవై నిమిషాలు తిరిగి రండి. సిమ్ మళ్ళీ వేసి పది నిమిషాలు ఆగి మ్యాప్ చూడండి. మలుపులు మలుపులుగా పడితే తీసుకోండి. షాపు నుంచి షాపుకి తిన్నగా గీత ఉంటే, లేదా చివరి వీధి మాత్రమే ఉంటే, అక్కడే ఇచ్చేయండి.

మా డ్రైవర్ కుర్రాడికి కోసిన డబ్బులు బావ తిరిగి ఇచ్చాడు, సరుకు యజమానికి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ పంపించాను. తిరుగు ప్రయాణంలో ఆ కుర్రాడు వటవర్లపల్లి దాటాక ఒక చోట బండి పక్కకి తీసి, ఇక్కడే అన్నా పంక్చరైంది అని చూపించాడు. రోడ్డు పక్కన జాకీ కింద పెట్టిన రాయి ఇంకా అక్కడే ఉంది.