ఆవుగంట పట్టుకున్న కోచ్

అందరికీ నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు మనలో చాలామందికి తెలియవు. ఫరవాలేదు. ఆ ఆట కోచ్ ఎడ్డీ రాబిన్సన్ గారి గురించి చెప్పుకోవడానికి వాటి అవసరం పెద్దగా లేదు.

ఆయన 1919లో లూసియానాలో పుట్టారు. తండ్రి పరాయి పొలంలో పంట వాటాకు సాగు చేసేవాడు, తల్లి ఇళ్లలో పని చేసేది. డిగ్రీ చేతికొచ్చినా మొదట దాణా మిల్లులో గంటకు పావు డాలరుకు పనిచేశారు. నల్లజాతి యువకుడికి కోచ్ ఉద్యోగం ఇచ్చేవాళ్లు అప్పట్లో ఎందరని? 1941లో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊళ్లోని నల్లజాతివారి కాలేజీ పిలిచింది. వయసు 22. నెల జీతం 63 డాలర్ల 75 సెంట్లు.

మొదటి ఏడాది ఎనిమిది ఆటల్లో ఐదు ఓడిపోయారు. మరుసటి ఏడాది తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు, ఎదుటి జట్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు!

నన్ను కదిలించేది మాత్రం మైదానం బయట ఆయన చేసిన పని. గడ్డి ఆయనే కోసేవారు. ఆట వార్త ఆయనే రాసి పత్రికలకు పంపేవారు. దూరాలకు వెళ్లేటప్పుడు దారిలో హోటళ్లు నల్లపిల్లలకు తిండి పెట్టవు కాబట్టి శాండ్‌విచ్‌లు కట్టి బస్సులో పెట్టుకునేవారు. ఒకసారి పత్తి ఏరాలని ఓ తండ్రి తన కొడుకుల్ని ఆటకు పంపనన్నాడట. రాబిన్సన్ గారు జట్టు మొత్తాన్నీ ఆ చేలోకి దించారు. పత్తి ఏరినవాళ్లకు తెలుసు, అదెంత నడుం విరిగే పనో. పొద్దున్నే హాస్టల్లో ఆవుగంట మోగిస్తూ తిరిగి పిల్లల్ని క్లాసులకు లేపేవారు. ఆట ఎంత ముఖ్యమో డిగ్రీ కూడా అంతే ముఖ్యం ఆయనకు.

1985లో 324వ గెలుపుతో, కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లలో అత్యధిక గెలుపుల రికార్డు ఉన్న బేర్ బ్రయంట్‌ను దాటారు. 1997లో దిగిపోయేనాటికి 408. ఆయన శిష్యులు రెండు వందల మందికి పైగా అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడారు.

వాళ్లలో డగ్ విలియమ్స్ గురించి చెప్పి ముగిస్తాను. ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి నల్లవాళ్లు పనికిరారని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. 1988లో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అదే స్థానంలో ఆడి, వాషింగ్టన్ జట్టును 42-10తో గెలిపించి, ఉత్తమ ఆటగాడయ్యాడు విలియమ్స్. పదేళ్లకు, 1998లో, రాబిన్సన్ గారు ఖాళీ చేసిన కోచ్ కుర్చీలోకి గ్రాంబ్లింగ్ అతణ్నే పిలిచింది.