పదో తరగతి ఫలితాల కంటే ముందే జరగాల్సిన మాట

నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పదో తరగతి తరువాత ఏ దారిలో వెళ్లాలో మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు అన్న విషయం ఈ రోజు మీతో మాట్లాడాలని కూర్చున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులూ, నాలాంటి ఉపాధ్యాయులూ దీన్ని చివరిదాకా వినాలని కోరుతున్నాను.

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన కొద్ది రోజులకే మా ఊళ్లోకి ప్రైవేటు జూనియర్ కళాశాలల పీఆర్వోలు రావడం మొదలవుతుంది. వారి చేతిలో పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న జాబితా ఉంటుంది. ఇప్పుడు సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో రాయితీ ఇస్తామని, వేసవి దాటితే ఆ రాయితీ ఉండదని చెప్పి, కొంత అడ్వాన్సు తీసుకుని రసీదు రాసి ఇస్తారు. వారు తమ ఉద్యోగం తాము చేస్తున్నారు కాబట్టి వారిని నేను తప్పుపట్టబోవడం లేదు. నా బాధ వేరు. పిల్లవాడి భవిష్యత్తు గురించి ఆ ఇంటి గడప తొక్కిన మొదటి మనిషి ఆ పీఆర్వోనే అవుతున్నాడు. ఐదేళ్లపాటు ఆ పిల్లవాణ్ణి చూసిన మేము ఆ గడప దాకా వెళ్లలేదు.

మూడేళ్ల కిందట ఒక తండ్రి అలాంటి రసీదు జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. “సార్, మావాడికి ఎంపీసీ రాయించేశాను, బాగానే ఉంటుందంటారా?” అని అడిగారు. కుర్రవాడు ఆయన వెనుక నిలబడి ఉన్నాడు. లెక్కల్లో అతను పడే ఇబ్బంది నాకు తెలుసు. పాడి గేదెలున్న ఇంట్లో పుట్టి, ఈనే గేదె దగ్గర రాత్రంతా ఒంటరిగా కాపలా ఉండగల పిల్లవాడని కూడా తెలుసు. “నీకేమనిపిస్తోంది నాయనా?” అని అడిగితే, అతను జవాబు చెప్పకుండా తండ్రి ముఖం వైపు చూశాడు. పదో తరగతి తరువాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉందని, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో దాన్ని బోధిస్తారని నేను చెప్పినప్పుడు, ఆ తండ్రి “ఈ ముక్క ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా సార్” అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రసీదు రాసే నాటికి ఆ సమాచారం ఆయన దగ్గర ఉండవలసింది, ఇవ్వవలసినవాణ్ణి నేను.

ఉన్నత పాఠశాలలో వృత్తి మార్గదర్శనం ఉండాలన్నది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్, మాధ్యమిక పాఠశాలలకు శిక్షణ పొందిన మార్గదర్శకులనూ, వృత్తుల గురించి చెప్పే ఉపాధ్యాయులనూ క్రమంగా అందుబాటులోకి తేవాలని సిఫారసు చేసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్, మార్గదర్శనం విద్యలో అంతర్భాగమని, అది ప్రాథమిక దశ నుంచే మొదలవ్వాలని చెప్పి, కనీసం పది పాఠశాలలకు ఒక సలహాదారుడైనా తిరుగుతూ ఉండాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పిల్లలు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఇన్ని దశాబ్దాలుగా కాగితం మీద ఉన్న ఆ సలహాదారుడు నేను పనిచేసిన ఏ బడిలోనూ నాకు కనిపించలేదు. అందువల్ల ఆ పని తరగతి ఉపాధ్యాయుడే ఎత్తుకోవాలన్న నిర్ణయానికి వచ్చాను.

ఈ పనిలో సగం సమాచారమే. “ఏ గ్రూపు మంచిది?” అని తల్లిదండ్రులు అడుగుతారు. నేను దాన్ని కొంచెం మార్చి, ఈ గ్రూపు తీసుకుంటే ఏ తలుపులు మూసుకుంటాయి, మూసుకున్నవాటిలో ఏవి మళ్లీ తెరుచుకుంటాయి అని అడగమంటాను. బైపీసీ తీసుకున్న అమ్మాయి నీట్ రాయవచ్చు, వ్యవసాయం, పశువైద్యం, నర్సింగ్ వైపు వెళ్లవచ్చు. ఇంజనీరింగ్ తలుపు మాత్రం దాదాపు మూసుకుంటుంది. ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా ఫార్మసీలో చేరవచ్చన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. సీఈసీ, హెచ్‌ఈసీ అంటే మార్కులు రానివారి గ్రూపులనే చిన్నచూపు మన దగ్గర బలంగా ఉంది. కానీ చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షకు ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా అర్హతే, ఐదేళ్ల న్యాయవిద్యకూ అంతే, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయ శిక్షణకూ అంతే. జాతీయ రక్షణ అకాడమీలో సైనిక విభాగానికి ఏ గ్రూపువారైనా రాయవచ్చు, నౌకాదళానికీ వైమానిక దళానికీ మాత్రం భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం కావాలి. 2021 నవంబరులో జరిగిన పరీక్ష నుంచి అమ్మాయిలు కూడా దాన్ని రాస్తున్నారన్న సంగతి మా తరగతిలో చెప్పిన రోజున, వెనుక బెంచీలో కూర్చునే ఇద్దరు అమ్మాయిలు గంట మోగిన తరువాత కూడా కదలకుండా నా బల్ల దగ్గరే నిలబడిపోయారు.

ఇంటర్ వద్దనుకున్నవారికి ఉన్న దారుల గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పాలిటెక్నిక్‌లలో చేరడానికి రాసే పాలీసెట్ 120 మార్కులకు పదో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల మీద జరిగే పరీక్ష. అందులో సీటు వచ్చిన పిల్లవాడు మూడేళ్లలో ఇంజనీరింగ్ డిప్లొమా పూర్తిచేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్, బీటెక్ చదివిన అతని స్నేహితుడికి రెండూ కలిపి ఆరేళ్లు పడితే, ఇతనికీ ఆరేళ్లే పడతాయి. మధ్యలో చేతికొచ్చిన డిప్లొమా, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి చదువు ఆపవలసి వస్తే ఉద్యోగానికి అక్కరకొస్తుంది. డబ్బు చాలని ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇవి కాక, హైదరాబాదు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి పనిచేస్తోంది, పదో తరగతి అర్హతతో అచ్చులూ పనిముట్లూ తయారుచేసే నైపుణ్యంలో డిప్లొమా ఇస్తుంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరున ఉన్న చేనేత సాంకేతిక సంస్థ మగ్గం పనిని ఇంజనీరింగ్ స్థాయిలో నేర్పుతుంది. నేత కుటుంబాల పిల్లల్లో ఎంతమందికి ఆ సంస్థ పేరు తెలుసో మీ ఊళ్లో ఒకసారి అడిగి చూడండి.

గ్రామీణ ప్రాంతాల్లో బాగా చదివే పిల్లల కోసం 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకుంటున్నాం. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మొదలైంది, తరువాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. పదో తరగతి మార్కుల ఆధారంగానే చేర్చుకుంటారు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కొంత అదనపు మార్కు కలుపుతారు. రెండేళ్ల ప్రీ యూనివర్సిటీ, నాలుగేళ్ల బీటెక్ కలిసి ఆరేళ్లు అక్కడే చదువుతారు. పదిహేనేళ్ల వయసులో ఇల్లు వదిలి ఆరేళ్లు హాస్టల్‌లో ఉండగల పిల్లవాడా కాదా అన్నది కూడా తల్లిదండ్రులు నిజాయితీగా ఆలోచించాలి, ఎందుకంటే మార్కులు వచ్చిన ప్రతి పిల్లవాడికీ అది సరిపడదు.

ఇక ఐటీఐ. “చదవకపోతే ఐటీఐలో వేస్తాను” అని బెదిరించే ఉపాధ్యాయులను నేను చూశాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ మాట అన్నాను, ఇప్పుడు దానికి మనస్ఫూర్తిగా సిగ్గుపడుతున్నాను. ఒక చదువును శిక్షగా చూపించిన తరువాత, దాన్ని ఎంచుకోమని పిల్లవాడికి ఏ ముఖంతో చెబుతాం? ఆ సిగ్గుతోనే మా తొమ్మిదో తరగతి పిల్లలను దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐకి తీసుకువెళ్లాను. ఎలక్ట్రీషియన్ ట్రేడు గదిలో ఒక చెక్క పలక మీద మెట్ల దారి దీపపు వైరింగ్ బిగించి ఉంది. మెట్ల కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి, దీపాన్ని ఎక్కడి నుంచైనా వెలిగించవచ్చు, ఎక్కడి నుంచైనా ఆర్పవచ్చు. అక్కడి శిక్షకుడు తీగలన్నీ విప్పేసి, “ఎవరైనా మళ్లీ కలుపుతారా?” అని అడిగారు. పరీక్షల్లో ఎప్పుడూ నలభై మార్కులు దాటని ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు వెళ్లాలని ఎవరూ చెప్పకుండానే గ్రహించి, స్క్రూలు బిగించి, పక్కకు జరిగి, “సార్, కరెంటు ఇవ్వండి” అంది. దీపం వెలిగింది. నేను నల్లబల్ల మీద వలయాలు గీసి మార్కులు వేస్తున్నంత కాలం ఆ అమ్మాయిలో ఈ తెలివి ఉందని నాకు తెలియలేదు. రెండేళ్ల ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు, ఏడాది వెల్డర్ ట్రేడు పూర్తిచేసినవారికి 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద కర్మాగారాల్లో స్టయిపెండుతో శిక్షణ పొందే వీలుంది. పై చదువు కావాలనుకున్న ఐటీఐ విద్యార్థి డిప్లొమా రెండో సంవత్సరంలోకి వెళ్లే దారి కూడా ఉంది. తెలంగాణలో దానికి ఎల్‌పీసెట్ అనే పరీక్ష పెడతారు.

ఇంత సమాచారం చెప్పినా, పనిని కళ్లారా చూడని పిల్లవాడికి అవి పేర్లుగానే మిగులుతాయి. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే మొదలుపెట్టాలంటున్నాను. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు నెలకు ఒక పనిమనిషి దగ్గరికి, అంటే ఏదో ఒక పని చేసి బతుకుతున్న మనిషి దగ్గరికి వెళ్లి, నాలుగు ప్రశ్నలు అడిగి నోట్‌బుక్కులో రాసుకుని వస్తారు. ఈ పనికి మీరు ఏమి చదివారు? నేర్చుకోవడానికి ఎంత కాలం, ఎంత ఖర్చు పట్టింది? రోజులో మీకు అన్నింటికంటే కష్టమైన భాగం ఏది? మీ పిల్లలు ఈ పనిలోకి వస్తానంటే ఏమంటారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే తరగతిలో ఎక్కువ చర్చకు దారితీస్తాయి. ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్లిన ఒక అమ్మాయి, సూది వేయడం కష్టమని ఆమె చెబుతుందనుకుంటే, సాయంత్రం కూర్చుని వివరాలన్నీ నమోదు చేయడమే కష్టమని చెప్పిందని రాసుకొచ్చింది. లైన్‌మన్‌ను కలిసిన అబ్బాయి, వానాకాలం రాత్రుల గురించి ఒక పేజీ నిండా రాశాడు. ఇద్దరూ ఆ ఉద్యోగాలు వద్దనలేదు, ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకుని కావాలన్నారు. ఆ తేడా నాకు చాలా విలువైనదిగా తోచింది.

అమ్మాయిల విషయంలో ఇంకొక అడ్డంకి గురించి తల్లిదండ్రులతో సూటిగా మాట్లాడాలి. చాలా ఊళ్లలో అమ్మాయి గ్రూపును నిర్ణయించేది బస్సు. సాయంత్రం ఐదున్నరకు వచ్చే బస్సు ఏ కళాశాల ముందు ఆగుతుందో, ఆ కళాశాలలో ఏ గ్రూపు ఉందో, అమ్మాయి చదువు అదే అవుతుంది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, నాకూ ఆడపిల్ల ఉంది. అయితే ఇంటర్ కూడా ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు చాలాచోట్ల ఉన్నాయి, ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలలు ఉన్నాయి, అక్కడ వసతి, భోజనం ఉచితం. బస్సును బట్టి గ్రూపు ఎంచుకునే ముందు, మీ మండలంలోనూ పక్క మండలంలోనూ అలాంటివి ఏమున్నాయో ఒకసారి వెళ్లి చూసి రండి, అమ్మాయిని కూడా వెంట తీసుకువెళ్లండి.

ఎనిమిదో తరగతిలోనే రాయవలసిన జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష గురించి కూడా ఒక మాట. ఎన్‌ఎంఎంఎస్ అని పిలిచే ఆ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండి, ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడిలో చదివే పిల్లలకు ఇది. ఎనిమిదో తరగతి దాటితే ఈ అవకాశం మళ్లీ రాదు కాబట్టి, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మీ ప్రధానోపాధ్యాయుడిని ఇప్పుడే అడిగి ఉంచండి.

పిల్లలు అడగవలసిన ఆ నాలుగు ప్రశ్నలను ఈ వీడియో కింద రాసి పెట్టాను. ఈ ఆదివారం మీ పిల్లవాణ్ణి మీ వీధిలోనే ఒకరి దగ్గరికి పంపండి. జవాబులు రాసుకొచ్చాక టీవీ కట్టేసి, అతను చదువుతుంటే మధ్యలో మాట్లాడకుండా వినండి. వచ్చే వీడియోలో పాలీసెట్ దరఖాస్తును మొదటి గడి నుంచి చివరి గడి దాకా కలిసి నింపుదాం. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం దగ్గర పెట్టుకోండి.